మా ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు

ఆడపిల్ల పెళ్లిచూపులు చెడగొట్టడానికి శత్రువులు అక్కర్లేదండీ, ఒక బ్రెడ్డు మిషను చాలు. ఆ మిషను కొన్న మహానుభావుణ్ణి నేనే. మీరు చదివి హాయిగా నవ్వుకోవచ్చు. మా చెల్లి స్వాతి ముందు మాత్రం ఈ ముచ్చట ఎత్తకండి, చేతికి అందింది విసురుతుంది.

మాది వరంగల్ బజార్లో బట్టల దుకాణం, దాని వెనకే ఇల్లు. పెదబాపు, బాపు, చినబాపు, వాళ్ల పిల్లలు, అందరి మీదా నానమ్మ, మొత్తం పంతొమ్మిది మందిమి ఒకే పొయ్యి మీద బతుకుతాం. సాయంత్రమైతే అమ్మ, పెద్దమ్మ, స్వాతి రొట్టెలు మొదలుపెట్టేవాళ్లు. చివరి రొట్టె పెనం మీద కాలేసరికి మొదట తిన్నవాడికి మళ్లీ ఆకలేసేది. ఆ మొదట తిన్నవాడు సాధారణంగా నేనే.

ఒకరోజు అమ్మ మణికట్టుకు నొప్పి మందు రాసుకుంటుంటే చూశాను. నా గుండె కరిగిపోయింది. గుండె కరిగిన కొడుకు ఏం చెయ్యాలి? పీట ముందేసుకుని నాలుగు రొట్టెలు వత్తాలి. నేను ఫోను తీశాను.

వినాశకాలే విపరీత వీడియోలు! ఒక వీడియోలో ఒకావిడ పిండి, నీళ్లు, ఈస్టు మిషన్లో పోసి, మీట నొక్కి, పుస్తకం చదువుకుంటోంది. కాసేపటికి బంగారం రంగులో బ్రెడ్డు బయటికొచ్చింది. అంతే, రొట్టెల కాలం చెల్లిందని నేను తీర్మానించేశాను. ఏ మిషనుకు ఎన్ని మీటలు, ఏ గిన్నె ఎంత లోతు అని నేను చదివిన చదువు డిగ్రీలో చదివి ఉంటే దుకాణంలో గజం బద్ద పట్టుకుని నిలబడేవాణ్ణి కాదు. మిషను కొనే ముందు అడగాల్సిన ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. వాళ్లను తప్ప ప్రపంచంలో అందరినీ అడిగాను.

చివరికి హన్మకొండలో ఒక షాపులో తేలాను. పెట్టె మీద ‘పెద్ద కుటుంబాలకు ప్రత్యేకం’ అని ఉంది.

“ఇంతకన్న పెద్దది లేదన్నా, కండ్లు మూసుకొని తీస్కపో,” అన్నాడు షాపతను.

నేను నిజంగానే కళ్లు మూసుకున్నాను. తెరిచి ఉంటే ఆ పెట్టె మీది బొమ్మలో పెద్ద కుటుంబమంటే ఎవరో కనబడేది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. మా ఇంట్లో అంతమంది ఎప్పుడూ స్నానాల గది ముందు తువ్వాలలేసుకుని నిలబడే ఉంటారు.

పెట్టె దించగానే నానమ్మ వచ్చింది.

“గిదేందిరా రవీ?”

“బ్రెడ్డు చేసే మిషను నానమ్మా.”

ఆమె ముఖం పాలిపోయింది. “ఎవలకురా పాణం బాగలేదు?”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో బ్రెడ్డుకూ థర్మామీటరుకూ చుట్టరికం. జ్వరమొస్తేనే బ్రెడ్డు గడప దాటేది. దవాఖాన నుంచి వస్తూ గోలీలతో పాటు తెచ్చేవాళ్లు, పాలల్లో ముంచి పెట్టేవాళ్లు, జ్వరం తగ్గగానే మిగిలిన ముక్కలు ఆవుకు వేసేవాళ్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి బ్రెడ్డు తినడం మా బజారంతటికీ తెలియని విద్య.

“పాణం బాగున్నోళ్లు కూడ తింటరు నానమ్మా. కాలం మారింది.”

“కాలం మారిందో నీ తలకాయే మారిందో,” అని ఆమె జపమాల తిప్పుకుంటూ వెళ్లిపోయింది.

మొదటి రోజు ఇల్లంతా మిషను చుట్టూ చేరింది. అది కాసేపు పిండి పిసికింది. పడుకుంది. లేచి ఇంకాస్త పిసికింది. మళ్లీ పడుకుంది. మా చినబాపు దుకాణంలో పనిచేసే తీరు అచ్చం ఇదే, అందుకే ఆయనకొక్కడికే అది నచ్చింది. మూడున్నర గంటలకు ఒక్క బ్రెడ్డు పుట్టింది. తిలాపాపం తలా ముక్క అన్నట్టు పంచితే మనిషికొకటి చాలీచాలకుండా వచ్చింది. అమ్మ లేచి పెనం పెట్టింది.

బుద్ధున్నవాడు ఆ రోజే దాన్ని తిరిగి ఇచ్చేసేవాడు. నేను మంచి సమయం కోసం కాచుకున్నాను. ఆ సమయం స్వాతి పెళ్లిచూపుల రూపంలో వచ్చింది.

అబ్బాయి పేరు కిరణ్, నెక్కొండలో విత్తనాల దుకాణం. ఇద్దరూ ఒక పెళ్లిలో కలుసుకుని, అప్పటినుంచి ఫోన్లో మాట్లాడుకుంటున్నారని ఇంట్లో నాకొక్కడికే తెలుసు. స్వాతి ముందురోజు నన్ను దుకాణంలో బట్టల తానుల వెనక్కి లాగింది.

“అన్నా, కిరణ్‌కు తల్లి లేదు. మేనత్తనే సాకింది. ఆమె ఊ అంటెనే పెండ్లి. ఇంతకుముందు ఒక పిల్ల రెండుసార్లు తుమ్మిందని చూపుల నడుమనే లేసి వచ్చిందట. నాకు భయమైతాంది.”

“ఫికర్ చెయ్యకు. నేనున్న.”

“గదే నా భయం.”

ఆమె కళ్లల్లో నీళ్లు నిజమైనవే. అవి చూసి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. సకినాలు, లడ్డూలు ఎవరైనా పెడతారు, ఇంట్లో కాల్చిన వేడి బ్రెడ్డు ఎవరు పెడతారు? పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నవాడు నాకంటే నయం, పిల్లి వాసన వీధి చివరిదాకా పోదు.

తెల్లవారుజామున మూడింటికే లేచి ఒకదాని వెనక ఒకటి బ్రెడ్లు కాల్చడం మొదలుపెట్టాను. పదిగంటలకల్లా కమ్మటి వాసన బజారంతా కమ్మేసింది. నా ఒక్కడికే అది కమ్మటి వాసన, మిగతా బజారుకు అది జ్వరం వాసన. ఎదురింటి సుశీలత్త సంచి నిండా బత్తాయిలతో ఉరికొచ్చింది.

“ఏందిరా రవీ, పొద్దటిసంది బ్రెడ్డు కాలుస్తనే ఉన్నరు! ఎవలకు జరం?”

“ఎవలకు లేదత్తా! నువ్వు జర పో, చుట్టాలు వస్తాండ్రు!”

“దాస్తవేందిరా? ఒక్కలకా, ఇద్దరికా?”

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. కిరణ్, వాళ్ల నాన్న, వెనకాల మేనత్త దిగారు. సుశీలత్త బత్తాయిల సంచి నా చేతిలో కుక్కి, “పిల్లలు పైలం,” అని కొంగు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. మేనత్త మెట్టు మీదే ఆగింది. బత్తాయిల్ని చూసింది, నన్ను చూసింది, ముక్కు ఎగబీల్చింది.

లోపల అందరూ కూర్చున్నారు. బ్రెడ్డు చాలదని అమ్మకు పొద్దున్నే తెలుసు కాబట్టి, అమ్మా స్వాతీ అప్పటిదాకా పొయ్యి దగ్గర సర్వపిండి కాలుస్తూనే ఉన్నారు. పిలుపు రాగానే స్వాతి ముఖం తుడుచుకుని వచ్చి కూర్చుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, నుదుటి మీద చెమట. నేను గర్వంగా పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టాను. బ్రెడ్డు ముక్కలు. అందంగా ఉంటుందని పక్కనే గ్లాసుల్లో వేడి పాలు కూడా పెట్టాను.

మేనత్త ఆ పళ్లెం వంక పాముని చూసినట్టు చూసింది.

“పిల్లకు ఎన్నొద్దులసంది జరం?”

నేను ముందుకు దూకాను. “జరం కాదండి! ఇది మేము రోజు తింటం!”

“రోజా?”

“రోజండి! ఇంట్ల అందరం తింటం!”

“అందరికి ఉన్నదా?” అంటూ ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“లేదండి, కావాల్నంటె చూడుండ్రి, దీనికోసమని మిషనే కొన్నం!”

“మిషన్ గూడ కొన్నరా!” ఆమె తన అన్న, అంటే కిరణ్ వాళ్ల నాన్న వైపు తిరిగింది. “ఇన్నవా? మిషన్ కొనేదాక వచ్చింది.”

పెదబాపు నా తొడ మీద గిల్లిన గిల్లుడుకు మచ్చ ఇప్పటికీ ఉంది. స్వాతి నా వైపు చూడలేదు. తల వంచుకుని చీర అంచు నలుపుతోంది. నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ క్షణం భూమి చీలితే బాగుండనిపించింది. నా చెల్లి కోరుకున్న ఒక్క మనిషినీ నేను బ్రెడ్డు ముక్కల్లో పెట్టి పోగొట్టాను.

మేనత్త లేచింది. వెళ్లిపోతుందనుకున్నాం. నేరుగా స్వాతి దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

“కాలుతాంది,” అంది.

బాపు కళ్లు మూసుకున్నాడు. అప్పుడు స్వాతి ఆ చేతిని వదలకుండా పట్టుకుని లేచింది. ఆమెను వంటింటి గుమ్మం దాకా తీసుకుపోయి, అట్లకాడ పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ అమ్మ నుదుటి మీద ఆ చేతిని పెట్టింది.

“మా అమ్మది గూడ చూడుండ్రి అత్తా. ఇద్దరం పొద్దటిసంది పొయ్యి కాడనే ఉన్నం. పొయ్యి కాడ నిలబడ్డోళ్ల నొసలు సల్లగుంటదా? మా ఇంట్ల ఎవలకు జరం లేదు. మా అన్నకు తిక్క ఉన్నది, అది అంటుకునేది కాదు.”

మేనత్త అమ్మ వంక చూసింది, పెనం మీది సర్వపిండి వంక చూసింది. తన చేతిని తీసి మెల్లగా తన నుదుటి మీద పెట్టుకుంది.

“నలభై ఏండ్లసంది నాది గూడ గిట్లనే కాలుతాంది బిడ్డా. ఒక్కలన్న చెయ్యి పెట్టి చూసిండ్రా?” అని నవ్వింది. ఆ నవ్వుకు మా ఇంటిల్లిపాదీ ఒక్కసారి ఊపిరి వదిలారు.

వెనక్కి తిరిగి చూస్తే పళ్లెం ఖాళీ. కిరణ్ మూతి నిండా పాలు.

“ఇంకో ముక్క ఉన్నదా?” అని నన్ను అడిగాడు.

“నీకేమైందిరా, జరమా?” అని మేనత్త అరిచింది.

“బ్రెడ్డంటే ఇష్టమత్తా. చిన్నప్పుడు నాకు వచ్చిన జరాలన్ని బ్రెడ్డు కోసమే వచ్చినయి.”

సంబంధం అక్కడే ఖాయమైంది. వెళ్లేటప్పుడు మేనత్త నన్ను పక్కకు పిలిచింది. “పిల్లతోటి ఆ మిషన్ గూడ పంపు. మేము ముగ్గురమే, పిల్ల వస్తె నలుగురమైతం. మాకు సరిపోతది.”

నాకు పెట్టె మీది బొమ్మ గుర్తొచ్చింది. “ఇంట్ల కుక్క ఉన్నదా అత్తా?”

“ఉన్నది. ఎందుకు?”

“ఊకనే,” అన్నాను.

పెళ్లయింది. స్వాతి వెంట మిషను కూడా నెక్కొండ చేరింది. ఆ వారమే నాకు అసలు సిసలు జ్వరమొచ్చింది. నూట రెండు. ఇంట్లో బ్రెడ్డు ముక్క లేదు. సుశీలత్తను బత్తాయిలు అడిగితే, “నీ అబద్ధపు జరాలు నాకు తెలువదా?” అని తలుపేసుకుంది. చివరికి అమ్మే చౌరస్తా దాకా నడిచివెళ్లి బ్రెడ్డు కొనుక్కొచ్చి, పాలల్లో ముంచి నోట్లో పెట్టింది, అదే నొప్పి మణికట్టుతో.

ఆ ముక్క నోట్లో ఉండగానే, నుదుటి మీది తడిగుడ్డ సాక్షిగా ప్రమాణం చేశాను. పొయ్యి ముందు నిలబడి నా నొసలు కాలేదాకా వంటింటికి చెంచా కూడా కొనను. జ్వరం తగ్గిన సాయంత్రమే పీట ముందేసుకుని కూర్చున్నాను. నేను వత్తిన మొదటి రొట్టెను నానమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ఆవుకు వెయ్యమంది.