కట్టు లేని ఉగాది సారు

వంటింట్లో "లేదు" అనే మాట వినబడితే మా అత్తగారికి ఒళ్ళు మండేది. కొబ్బరి లేదంటే వేరుశనగపప్పు వేయించి నూరమనేది. నిమ్మకాయలు లేవంటే మామిడి ఒరుగు నానబెట్టమనేది. జీడిపప్పు లేదంటే "పుచ్చకాయ గింజలు ఒలువమ్మా, చేతులేమన్నా అరిగిపోతాయా?" అనేది. ఆ గింజలు ఒలిచిన చేతులు నావి కాబట్టి, అరుగుతాయని నేను గట్టిగా చెప్పగలను.

మామగారు కోలారు బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. గనులు సర్కారు చేతికి వచ్చి ఏళ్ళు గడిచినా మా క్వార్టర్స్ వీధిలో అందరూ "కంపెనీ" అనే అనేవారు. ఆ వీధి మొత్తానికీ వంట సలహాలు మా అత్తగారివే. ఎవరూ అడగరు, ఆవిడ ఆగదు. పక్కింటి తమిళ క్రైస్తవులావిడ క్రిస్మస్‌కి ఇసుక పోసిన దబరలో కేకు కాలుస్తుంటే, గుడ్లకి బదులు పుల్లటి పెరుగూ సోడా ఉప్పూ వేస్తే ఇంకా పొంగుతుందని గోడ మీంచి చెప్పి వచ్చింది. నిక్షేపంగా గుడ్లు తినే ఇంటికి! తను మాత్రం జన్మలో కేకు ముట్టలేదు. వాసన చూసి చెప్పేది. ఆవిడ పాపం తల ఊపి, ఎప్పటిలాగే గుడ్లు కొట్టి పోసుకునేది.

ఇక నా సంగతి. మాది తెనాలి. హాస్టల్లో ఉండి చదువుకుని, టీచరు ఉద్యోగం తెచ్చుకుని, ఆ తర్వాత పెళ్ళి చేసుకుని ఇంత దూరం వచ్చాను. పాఠాలు తప్ప నాకేమీ వచ్చేవి కావు. ఆ లోపాన్ని పెళ్ళిచూపుల నాడే పట్టేసింది మామగారి అక్క. ముళబాగిల్లో ఉండేది, వరసతో పని లేకుండా మా అత్తగారు తప్ప అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. "తెనాలి పిల్లకి మన వంట యాడొస్తాది?" అని అందరూ వినేలా అంది. తల్లి లేని తమ్ముణ్ణి తనే పెంచింది కాబట్టి ఆవిడ మాటకి ఎదురు లేదు. ఆవిడకి ఇంకో ప్రతిభ కూడా ఉండేది. ఎవరు ఏ పండక్కి ఏం పాడు చేశారో ఒక్కటీ మరిచిపోయేది కాదు. కాపురానికి వచ్చిన ఏడాది మా అత్తగారు పాయసం అడుగంటించిందట. ముప్పై ఏళ్ళుగా ఆ పాయసం వాసన ఆవిడ ముక్కుకి తగులుతూనే ఉంది. నా పెళ్ళి భోజనాల్లో కూడా ఆ కథ చెప్పింది.

నా మొదటి ఉగాదికి పది రోజుల ముందు అత్తగారు పెరట్లో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుని వచ్చి, పీట వేసుకుని గడప దగ్గర కూర్చుని, పండగ వంట నువ్వే చెయ్యాలంది. పండగ నాడు పెద్దమ్మ పదకొండింటి బస్సుకి దిగుతుంది. ఒబ్బట్లు కుదరకపోతే నా పేరు మీద కూడా ఒక పాయసం మొదలవుతుందని నాకు తెలుసు. ముందు రోజు రాత్రి అన్నం సయించలేదు.

మా ఊళ్ళో వాటిని బొబ్బట్లంటాం, శనగపప్పుతో చేస్తాం. మా అమ్మ పప్పుకి నీళ్ళు కొలిచి పోసేది, ఉడికేసరికి చుక్క మిగిలేది కాదు. ఇక్కడ కందిపప్పు. "దండిగా నీళ్ళు పోసి ఉడకెయ్యి. మెత్తగా కాకూడదు, వేలితో నొక్కితే నలగాల. ఆపైన వార్చెయ్," అంది అత్తగారు గడప దగ్గర్నుంచి. చెప్పింది చెప్పినట్టే చేశాను. వార్చాను. అదే సమయానికి పాలావిడ వెనక గుమ్మంలోకి వచ్చి, కుడితికి ఏమన్నా ఉండాదా అమ్మా అని అడిగింది. పండగ పూట ఆవుకి మాత్రం ఉండొద్దా అనుకుని ఆ నీళ్ళన్నీ ఆవిడ బిందెలో ఒంపేశాను. మంచి పని చేశానని కాస్త గర్వం కూడా కలిగింది.

పప్పూ బెల్లమూ రుబ్బి, యాలకులు కలిపి, పూర్ణం ఉండలు చేసి పెట్టాను. అత్తగారు తొంగి చూసి తృప్తిగా తల ఊపింది. "కట్టు యాడ పెట్టినావమ్మా?" అంది.

"కట్టేంటి అత్తయ్యా?"

"పప్పు వార్చిన నీళ్ళు."

"పాలావిడ కుడితిలో పోసేశాను."

ఆవిడ ఎడమ చెయ్యి నెత్తిన పెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ సీమలో ఆ చిక్కటి నీళ్ళతోనే ఒబ్బట్ల సారు, అంటే మన చారు, కాస్తారు. కొబ్బరీ ధనియాలూ ఎండుమిరపకాయలూ నూరి వేసి, చింతపులుసు పోసి, తిరగమోత పెడతారు. తీపి ఒబ్బట్టు పక్కన ఆ కారం సారు లేకపోతే పండగే కాదు. పెద్దమ్మ బస్సెక్కి వచ్చేది ఒబ్బట్ల కోసం కాదు, సారు కోసం.

ఇంట్లో ఉన్న కందిపప్పంతా పూర్ణంలోకి పోయింది. కిరాణా కొట్లు మూసి ఉన్నాయి. పక్కింట్లో అడగొచ్చు గానీ, పక్కింటికి తెలిస్తే కుళాయి దగ్గర అందరికీ తెలుస్తుంది. అక్కణ్ణుంచి పెద్దమ్మ చెవిన పడటానికి ఆవిడ బస్సు దిగి గుమ్మం దాకా వచ్చేంత సేపు చాలు.

"దీనికి బదులు లేదమ్మా," అంది అత్తగారు.

ఏడుపుతో పాటు నాకు కోపమూ వచ్చింది. "కేకులో గుడ్డుకి బదులుంది, నీళ్ళకి బదులు లేదా?" అన్నాను. కొత్త కోడలు అనాల్సిన మాట కాదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "లెయ్," అంది. "పిడికెడు పెసరపప్పు తీసి ఎర్రగా వేయించు. వేయించకపోతే పచ్చి వాసనతో పట్టిచ్చేస్తాది. ఉడకేసి మెదుపు. పూర్ణం రెండు ముద్దలు అందులో కరిగించు. తీపి ఎక్కువైతాది, చింతపండు ఇంగొంచెం పిసుకు."

అదే చేశాను. నిజం చెప్పాలంటే బాగుంది. ఇప్పటికీ కట్టు చాలకపోతే అలాగే చేస్తాను. మీరూ చెయ్యొచ్చు, పెసరపప్పు వేయించడం మాత్రం మరవొద్దు.

పెద్దమ్మ వచ్చింది, అరిటాకు ముందు కూర్చుంది. అన్నిటికంటే ముందు సారు దొన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. దొన్నె దించింది.

"ఇది కట్టు సారు గాదు. పప్పు వార్చిన నీళ్ళు యాడకు పోయినాయి?"

నేను నెయ్యి గిన్నె కింద పెట్టాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా మా అత్తగారు విరిగిన చెయ్యి పైకెత్తి చూపించింది.

"నేనే వదినా. ఒంటి చేత్తో గిన్నె దించబోయినాను. జారిపోయినాది. అంతా తూములోకి పోయినాది."

"చెయ్యి ఇరగ్గొట్టుకున్నదానివి, పొయ్యికాడ నీకేం పనే? ముప్పై ఏండ్లయినా నీకు నిదానం రాలేదు," అని పెద్దమ్మ అందుకుంది. మామగారూ మా ఆయనా ఆకుల్లోంచి తలెత్తలేదు. వీధి మొత్తానికి సలహాలు చెప్పే మనిషి, సలహాల పుట్ట, తల వంచుకుని ఒక్కొక్క మాటా విన్నది. చివరికి పెద్దమ్మ ఒబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. "ఈ పిల్ల చేసింది మాత్రం బాగుండాది," అంది.

ఆ మాట మా అత్తగారికి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా దక్కలేదు.

సాయంత్రం గిన్నెలు తోముతూ ఎందుకలా చెప్పారని అడిగాను. ఆవిడ గడప మీద కూర్చుని, ఎడమ చేత్తో ఒబ్బట్టు తింటోంది.

"నా మింద ఆయమ్మకాడ శానా కతలుండాయి. ఇంగొకటి కలిస్తే ఏం బరువు? నీకైతే ఇదే మొదటిదయ్యేది. మొదటిది ఎవురూ మరిచిపోరు తల్లీ."

ఆ తర్వాత ప్రతి ఉగాదికీ, పోయేదాకా, పెద్దమ్మ ఆ కట్టు ఒలకబోసిన కథ చెప్పింది. ప్రతిసారీ మా అత్తగారు కిక్కురుమనకుండా వింది. నిజం నా నోటి దాకా వచ్చేది. మొదటి ఏడాది భయపడి ఆగాను. తర్వాత ఏళ్ళలో భయం లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ "బాగుండాది" వదులుకోబుద్ధి కాలేదు.