మా ఉత్తుత్తి సర్వర్

మా సాఫ్ట్‌వేర్ లైన్లో ఉన్నవాళ్లు కొందరు ఇప్పటికీ ఒకామెను ‘భూపాలపల్లి పని చెడగొట్టిన పిల్ల’ అంటుంటారు. ఆ పని చెడగొట్టింది నేను.

అప్పట్లో జనగామలో, ఒక బట్టల దుకాణం పైన, మాకు చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. ఆమె మహబూబాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. నన్ను అన్నా అనేది. దారిలో కొన్న పల్లీలు సగం నా టేబుల్ మీద పోశాకే పని మొదలుపెట్టేది.

భూపాలపల్లిలోని ఒక ప్రైవేటు దవాఖానకు యాప్ చేస్తున్నాం. డయాలసిస్‌కు వచ్చేవాళ్లు ఇంటి దగ్గరి నుంచే బెడ్ బుక్ చేసుకోవాలి. యాప్ అడిగితే దవాఖాన సర్వర్ బెడ్ ఉందనో లేదనో చెబుతుంది. పరీక్షల కోసం మేం అసలు సర్వర్‌నే అడుగుతూ పోతే రోగులకు దక్కాల్సిన బెడ్లు మా పేరున బుక్కైపోతాయి. అందుకని మా కంప్యూటర్లోనే దాని వేషం వేసే సర్వర్‌ను ఒకదాన్ని పెట్టుకున్నాం. నేర్పిన జవాబులే అది చెబుతుంది. నేర్పింది ఆమె. దాన్ని ఉత్తుత్తి సర్వర్ అనేవాళ్లం.

ఆమె దానికి మంచి జవాబులతో పాటు మొండితనం కూడా నేర్పింది. అది ఒక్కోసారి సగం చెప్పి ఆగేది, ఒక్కోసారి అసలు పలికేది కాదు. అలాంటప్పుడల్లా నా యాప్ పరీక్ష తప్పి, స్క్రీన్ ఎర్రబడేది.

“దీనికి గింత పొగరెందుకు నేర్పినవ్ చెల్లె?” అన్నాను.

“పొగరు కాదన్నా. ఆడ కరెంటు పోతది, నెట్ పోతది. అసలుది గూడ గిట్లనే మూతి ముడుస్తది. అప్పుడు నీ యాప్ ఏమంటదో చూడాలె గద.”

నా యాప్ సర్వర్‌ను అడగడంతోనే ‘మీ బెడ్ ఖాయం’ అని చూపేది. జవాబు రాకపోతే ఆ మాట వెనక్కి తీసుకునే భాగం నేనింకా రాయలేదు. ఆ దవాఖాన డాక్టరు గారు పని చూడటానికి వస్తున్న పొద్దున, ఆమె రైలు రాకముందే, ఉత్తుత్తి సర్వర్ ఏది అడిగినా వెంటనే ‘ఉంది’ అనేలా మార్చేశాను. పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయి. ఆయన సంతోషించారు. నేను దాన్ని మళ్లీ మార్చలేదు, మిగిలిన భాగం రాయనూ లేదు.

యాప్ మొదలైన కొన్నాళ్లకు, దవాఖాన సర్వర్ పలకని ఒక పూట, ఒకావిడ భర్తను ఆటోలో తీసుకొచ్చింది. ఆవిడ ఫోన్లో ఖాయం అని ఉంది, లోపల బెడ్ లేదు. కాళ్లు వాచి, ఆయాసపడుతూ ఆ మనిషి సాయంత్రం దాకా వరండాలో బల్ల మీద పడుకున్నాడు. ప్రాణం దక్కింది.

“దీన్ని టెస్ట్ చేసిందెవరు?” అని డాక్టరు ఫోన్ చేశారు. ఆమె నా ఎదురుగానే టిఫిన్ డబ్బా విప్పుతోంది.

“మా ఆఫీసులో అమ్మాయి సార్,” అన్నాను. అందులో అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ఒకసారి నా వైపు చూసి, ఫోన్ తీసుకుని, “తప్పైంది సార్,” అంది. తర్వాత కొద్దిరోజులకే ఆఫీసుకు రావడం మానేసింది.

మొన్న ఒక కంపెనీ ఆయన, ఆమె ఉద్యోగానికి వచ్చిందని, ఆ భూపాలపల్లి సంగతి నిజమేనా అని నన్ను అడిగాడు. తప్పు నాదని ఆయనకు చెప్పి, మహబూబాబాద్ రైలెక్కాను.

ఆమె కూతురికి జడ వేస్తూ ఉంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను.

“నాకు ఎర్కేనన్నా. నేను నేర్పినదాని గుణం నాకు తెల్వదా? ఆ పొద్దున అన్నీ పచ్చగ కనవడంగనే అనుకున్న.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలే?”

“నువ్వు చెప్తవేమోనని చూసిన.” పళ్ల మధ్య పట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి జడకు చుట్టింది. “చూసి చూసి యాష్టకొచ్చింది. డాక్టరు సారుకు చెప్పినవా?”

“ఇంకా లేదు.”

“తెల్సినదాన్ని నాకు చెప్పుడేంది? ఆయనకు చెప్పు. గిప్పుడే ఫోన్ చెయ్యి. నేను చాయ్ పెడ్త.”

చేశాను. డాక్టరు అంతా విన్నారు. తర్వాత ఫోన్ ఆమెకు ఇవ్వమన్నారు. పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి ఇచ్చాను. “ఆఁ సార్. మంచిగున్న సార్,” అని, ఇక వింటూ నిలబడిపోయింది. చున్నీ కళ్లకు అడ్డం పెట్టుకుంది. పాలు పొంగొస్తుంటే మంట నేను తగ్గించాను.