నిండుకున్న ఇల్లు

ఆ రోజుల్లో పేదవాడిగా బతకడం పెద్ద విశేషమేమీ కాదు, చుట్టుపక్కల అందరూ అదే పనిలో ఉండేవారు. కష్టమల్లా ఆ సంగతి సర్కారును నమ్మించడంలో ఉండేది. విమానాలు దిగుతున్న ఈ కాలంలో మా శంషాబాద్ పిల్లలు ఆదాయపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ విసుక్కుంటుంటే నాకు లోపల నవ్వొస్తుంది. వాళ్ల పేదరికాన్ని యంత్రం అచ్చువేసి ఇస్తుంది. మా పేదరికాన్ని ఒక మనిషి ఇంటికొచ్చి, కళ్లతో చూసి, చెవులతో విని, కాగితం మీద పెట్టాలి. ఆ చెవుల దగ్గరే నా బతుకు ఇంచుమించు తలకిందులైంది.

నేను అప్పుడు పట్నంలో బి.ఏ. మొదటి ఏడు. మాకు శంషాబాద్‌లో చిన్న కిరాణా దుకాణం. ప్రపంచ యుద్ధం వల్ల సరుకు రావడం ఆగి, డబ్బాలు ఖాళీగా మోగుతున్నా రోజూ పొద్దున్నే తలుపులు తీసి కూర్చునేవాడు మా బాపు. ఆయనకొక నియమం ఉండేది. దుకాణంలో గానీ ఇంట్లో గానీ 'లేదు' అన్న మాట నోట రాకూడదు. గగన్‌పహాడ్ నుంచి అంత దూరం నడిచొచ్చిన ముసలమ్మ బెల్లం అడిగితే, "బెల్లం నిండుకున్నదవ్వా, ఎల్లుండి రా" అనేవాడు. లేదు అంటే లచ్చిందేవి విని అలిగి వెళ్లిపోతుందని ఆయన భయం. (అప్పటికే ఆవిడ చాలామటుకు వెళ్లిపోయిందని నా అనుమానం. కానీ ఆ మాట బాపుతో అనే ధైర్యం ఎవరికుంది?)

ఇంటర్ దాకా ఎలాగో నెట్టుకొచ్చాను. బి.ఏ. మాత్రం వజీఫా వస్తేనే. పేద విద్యార్థులకు సర్కారు చదువు ముగిసేదాకా నెలనెలా ఇచ్చే సాయం అది. రాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికెళ్లి, ఆ మోగే డబ్బాల మధ్య బాపు పక్కన కూర్చోవడమే. ఉర్దూలో అర్జీ రాశాను. విచారణకు గిర్దావర్ సాబ్ వస్తాడని కబురొచ్చింది. గిర్దావర్ అంటే ఊళ్లు తిరిగి భూముల వివరాలు చూసే అధికారి, ఇలాంటి విచారణలూ ఆయనవే.

బేరంలో పుట్టి బేరంలో పెరిగినవాణ్ణి కదా, ఇదీ ఒక బేరమే అనుకున్నాను. కాకపోతే తిరగేసిన బేరం. దుకాణంలో పుచ్చిన కందిపప్పును కూడా నిన్ననే చేనులోంచి వచ్చినట్టు మెచ్చుకుంటాం. ఇక్కడ ఉన్నదాన్ని కూడా లేనట్టు చూపించాలి. ముందురోజే ఊరికొచ్చి, ఇత్తడి బిందెలు రెండూ పక్కింట్లో దాచాను. తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లి పెద్ద దర్శకుడిలా, "రేపు చినిగిన చీర కట్టుకోవే" అన్నాను. అమ్మ తన కొంగు చూపించింది. "చినగంది ఏడున్నదిరా, మార్చి కట్టనీకె?" అంది. నా నటనా శిక్షణ అక్కడితో ముగిసింది.

గిర్దావర్ సాబ్ గుర్రం మీద వచ్చాడు. మంచి మనిషి. బీదర్ వైపు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు, ఒక పుస్తకం పెట్టుకుని తెలుగు నేర్చుకున్నాడు, ఆ తెలుగు మీద ఆయనకు చెప్పలేనంత ముచ్చట. "తర్జుమా అవసరం లేదు. నేను తెలుగు మాట్లాడుతాను. అర్జీదారుడు బయట నిలబడవలెను" అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. నేను వీధిలో గుర్రం కళ్లెం పట్టుకుని నిలబడ్డాను. లోపలి మాటలు వినబడలేదు గానీ బాపు గొంతులో దైన్యం బ్రహ్మాండంగా పలుకుతోంది. పని అయిపోయిందనుకుని గుర్రం మెడ నిమిరాను. సాబ్ బయటికొచ్చి నన్ను ఒక రకంగా చూసి వెళ్లిపోయాడు. అది జాలి అనుకున్నాను.

పట్నం తిరిగొచ్చి జవాబు కోసం ఎదురుచూశాను. పాతబస్తీ సందులో కిరాయి గది నాది. కాలేజీలో పాఠం ఉర్దూ, కబుర్లు ఉర్దూ, తిట్లు కూడా ఉర్దూ. నాకు భాష వచ్చు గానీ అది దుకాణపు ఉర్దూ, తూకాలకూ ధరలకూ పనికొస్తుంది, స్నేహానికి చాలదు. రోజంతా నాతో మాట్లాడే మనిషి ఒక్కరే, ఇంటి యజమానురాలైన ముసలి బేగం. పరదా వెనకాల ఉండే ఆమెను నేను ఏనాడూ చూడలేదు. సాయంత్రం తలుపు చప్పుడు కాగానే లోపల్నుంచి "ఆగయే మియా?" అనేది, వచ్చావా అని. "జీ" అనేవాణ్ణి. అంతే సంభాషణ. కొన్నిసార్లు తలుపు మెల్లగా పడితే ఆమెకు వినబడేది కాదు. అలాంటప్పుడు మళ్లీ బయటికెళ్లి, తలుపు గట్టిగా తోసుకుని వచ్చేవాణ్ణి.

చివరికి జవాబొచ్చింది. 'నామంజూర్.' కారణం లేదు. ఆ పూట కాలేజీ మానేసి ఆ కాగితంతో ఆఫీసుకు పరుగెత్తాను. పేష్కార్, అంటే వజీఫాలు మంజూరు చేసే పెద్ద సాబ్ దగ్గర కాగితాలు చూసే గుమాస్తా, దస్త్రం విప్పి గిర్దావర్ రాసిన నివేదిక చదివాడు. ఉర్దూలో ఉన్న దాని సారాంశం ఇది: "నేను బియ్యం అడిగితిని, నిండినదనెను. పప్పు అడిగితిని, నిండినదనెను. నూనెయు నిండినది. ఇల్లాలి గాజులు పోయిన నెల నుండి పెరిగినవట. వీరు దీపమును కొండ మీద కూడా వెలిగింతురు. ఇంతటి సంపన్నుడు వజీఫా కోరుట మిక్కిలి ఆశ్చర్యము."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. బియ్యం నిండుకున్నాయంటే అయిపోయాయని. గాజులు పెరిగాయంటే పగిలిపోయాయని. దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని. మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఆ మూడు మాటలూ కలిసి మా బాపును జాగీర్దారును చేశాయి! వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ, ఎవరికైనా చెప్పాలని అటూ ఇటూ చూశాను. వరండా నిండా మనుషులున్నారు. ఒక్కరికైనా ఆ హాస్యం అందదు. ఉర్దూలోకి మారిస్తే ఉత్త తప్పుడు నివేదికే మిగులుతుంది. నా జీవితంలో అంత గొప్ప హాస్యం చేతికొచ్చిన రోజున, అది వినడానికి అంత పెద్ద పట్నంలో నాకొక్క మనిషి దొరకలేదు. నవ్వు దానంతటదే తగ్గిపోయింది.

ఇగ పెద్ద సాబ్ దగ్గర బేరానికి దిగాను. (మాటలన్నీ ఉర్దూలోనే, తెలుగు చేసి రాస్తున్నాను.)

"మీ భాషలో నిండింది అంటే ఖాళీ అని అర్థమా?" అన్నాడు సాబ్.

"ఇంట్లో సరుకు సంగతిలో అంతే సాబ్."

"మరి ఖాళీ అంటే నిండిందనా?"

"కాదు సాబ్. ఖాళీ అంటే ఖాళీయే. కాకపోతే ఆ మాట ఎవరూ అనరు."

సాబ్ నా ముఖంలోకి చూశాడు. నేను మోసగాడినో పిచ్చివాడినో తేల్చుకోలేకపోయాడు పాపం. చివరికి ఒక షరతు పెట్టాడు. గురువారం నాడు మా బాపు స్వయంగా వచ్చి, ఇంట్లో అవి లేవని తన నోటితో చెప్పాలి. చెబితే మంజూరు, లేకపోతే దస్త్రం కట్టేస్తారు.

రమ్మని రాసిన నా ఉత్తరం అందుకుని గురువారం పొద్దుటి బండికి బాపు దిగాడు. ఉతికిన తలపాగా, చేతిలో అమ్మ కట్టిచ్చిన పుట్నాల మూట. ఆఫీసు వరండాలో విషయం చెప్పేసరికి ఆయన ముఖం మాడిపోయింది.

"రెండే అక్షరాలు బాపు. జర అనరాదు?"

"నలభై ఏండ్ల సంది దుకాణంల కూసుంటున్నరా. ఒక్కనాడు అనలే. ఇయ్యాల సర్కారు ముంగట అనమంటవా? ఇంట్ల ఆడపిల్లలున్నరు."

"మెల్లగ అను. సాబుకు మాత్రమే ఇనబడేటట్టు."

"దేవతకు మెల్లగ ఏంది, గట్టిగ ఏందిరా?"

"అయితే ఇగ నేను నీతోనే వస్త. చదువు బందు. నీ పక్కన దుకాణంల కూసుంట."

"దుకాణంల ఏమున్నదని కూసుంటవ్?" అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. అంతవరకూ వచ్చాడు గానీ ఆ మాట మాత్రం దాటలేదు. అంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది.

సాబ్ నివేదిక చేతిలో పట్టుకుని, "చావల్ హై?" అని అడిగాడు. బియ్యం ఉన్నాయా అని. బాపు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. పేష్కార్ కలం సిరాలో ముంచి ఆగాడు. సాబ్ మళ్లీ అడిగాడు. బాపు తలెత్తాడు. "నహీ హై సాబ్" అన్నాడు.

"తేల్?"

"నహీ హై."

"చూడియాఁ?"

"నహీ హై సాబ్." నూనెకూ గాజులకూ గొంతు ఇంకా స్పష్టంగా పలికింది. దీపం సంగతి సాబ్ అడగలేదు, మర్యాద కొద్దీ కావచ్చు. మంజూర్ అని రాసి ముద్ర వేయించాడు.

బయటికి రాగానే చెయ్యి పట్టుకున్నాను. "ఎట్ల అన్నవ్ బాపు?"

బాపు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "లచ్చిందేవికి ఉర్దూ రాదు గదరా."

ఈసారి నవ్వడానికి ఇద్దరం ఉన్నాం. కానీ నేనొక్కణ్ణే నవ్వాను. బాపు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

కాచిగూడ స్టేషన్‌కు నడుస్తూ అసలు బేరం మొదలుపెట్టాను. "రెండు దినాలు ఉండు బాపు, పట్నం చూపిస్త" అన్నాను. దుకాణం ఎవరు చూస్తరన్నాడు. ఒక్క దినం అన్నాను. ఇంట్ల ఆడోళ్లే ఉంటరన్నాడు. పోనీ సాయంత్రం బండికి పో అన్నాను. గది అన్నా చూడు అన్నాను. తల ఊపుతూనే ఉన్నాడు గానీ కాళ్లు స్టేషన్ వైపే పోతున్నాయి. ఏ గిరాకీ నన్ను అంత దూరం దించలేదు. చివరికి మిగిలింది బండి వచ్చేదాకా బెంచీ మీద కూర్చోవడం. ఆ రోజు బండి అరగంట ఆలస్యం. అది రైలువాళ్లు నాకు వేసిన కొసరు.

బెంచీ మీద మూట విప్పి ఇద్దరం పుట్నాలు తిన్నాం. "గదికాడ మాట్లాడెటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు బాపు, పట్టాల వైపు చూస్తూ.

"మస్తుమంది ఉన్నరు బాపు. తీరిక దొరుకుతలేదు."

"గట్లయితే మంచిదే" అన్నాడు. మిగిలిన పుట్నాలన్నీ నా జేబులో పోసి బండెక్కాడు.

వజీఫాతో బి.ఏ. అయింది, ఉద్యోగం వచ్చింది, తర్వాత ఇల్లు, స్థలాలు, ఎన్నెన్నో బేరాలు చేశాను. నాతో బేరమాడాక మళ్లీ నా గడప తొక్కని వాళ్లున్నారు. ఎనభై దాటాక ఇప్పుడు పాత బేరాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొస్తుంటాయి. నష్టపోయినవి రెండో మూడో ఉంటాయి, వాటి బాధ లేదు. ఆ గురువారం నాటిది ఒక్కటే పట్టి లాగుతుంది. వారం దగ్గర మొదలుపెట్టి ఉంటే, దిగి దిగి ఒక పూట దగ్గరైనా తెగేది. దుకాణంలో పెరిగినవాణ్ణి, రెండు రోజుల దగ్గర మొదలుపెట్టాను! అంత తక్కువ ఎందుకు అడిగావురా అని, జేబునిండా పుట్నాలతో ప్లాట్‌ఫారం మీద నిలబడిన ఆ పద్దెనిమిదేళ్లవాణ్ణి ఒక్కసారి పిలిచి అడగాలనిపిస్తుంది.