బావ బాప్తిస్మం, నా ఫ్లోటు స్విచ్చి

చేతికి టెస్టరు రాగానే లోకాన్నంతా బాగుచేసేయగలమనిపించే వయసు ఒకటి ఉంటుంది. రెండు వేల దశకం మొదట్లో నాది ఆ వయసు. ఐటీఐ అయ్యాక ఇల్లందులో మోటార్లు బాగుచేసే షాపులో చేరాను. మా చర్చిలో బాప్తిస్మం ఉన్నప్పుడల్లా తొట్టి నింపడానికి మోటారు వేసి, గచ్చంతా తడిసేదాకా మర్చిపోయేవారు. "ఇగ మీరెవ్వరు చూడనక్కర్లేదు" అని ప్రకటించి, షాపులో మూలపడ్డ ఫ్లోటు స్విచ్చి తెచ్చి బిగించాను.

అది నిజంగా ముచ్చటైన వస్తువు. నిలువుగా ఒక స్టీలు గొట్టం, దాని చుట్టూ పైకీ కిందికీ జారే బోలు ఫ్లోటు, ఫ్లోటులో అయస్కాంతం. గొట్టం లోపల, నీళ్లు చొరబడని చోట, గాజునాళాల్లో సన్నటి రేకుల జతలు: కింద ఒకటి, పైన ఒకటి. నీళ్లు తగ్గి అయస్కాంతం కింది జత పక్కకు రాగానే రేకులు అతుక్కుని మోటారు నడుస్తుంది. పై జతను చేరితే ఆగిపోతుంది. నీళ్లకూ కరెంటుకూ ముఖపరిచయమే ఉండదు. తొట్టి ఎప్పుడూ నిండుగా కనబడాలని రెంటి మధ్యా నాలుగు వేళ్ల దూరమే పెట్టాను. (దీన్ని అతితెలివి అంటారు. అప్పట్లో నేను తెలివి అనే అనుకున్నాను.)

ఆ తొట్టిలో మునగాలని మా బావ పట్టుబట్టాడు. బొగ్గుబాయిలో చేసిచేసి ఊపిరితిత్తులు పాడైన మనిషి. పోయేలోపు బాప్తిస్మం తీసుకోవాలని ఆయన కోరిక, చన్నీళ్లలో దిగితే అక్కడే పోతాడని అక్క భయం. "దవాఖానాల సల్లటి నీళ్లు ముట్టద్దన్నరు. ఈయనేమో మునుగుతనంటుండు. నేనేం జేయాలె తమ్మీ?" అని ఏడ్చింది. చివరికి వేడినీళ్ల దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది. ఆ ఆదివారం పొద్దున్నే అక్క, చర్చి ఆడవాళ్లు కట్టెల పొయ్యిల మీద కాగులకొద్దీ నీళ్లు కాచి తొట్టిని గోరువెచ్చగా చేశారు.

ముందు కొందరు కుర్రాళ్లు మునిగారు. వాళ్లు దిగినప్పుడల్లా నీళ్లు గట్టు మీంచి పొర్లాయి, ఎక్కినప్పుడల్లా మట్టం తగ్గింది. కొత్త చొక్కాలో గర్వంగా నిలబడ్డ నా బుర్రకు ఆ సంగతి ఎక్కలేదు. బావను కుర్చీతో ఎత్తి తొట్టి పైమెట్టు మీద, సరిగ్గా తొట్టి నింపే బోరు పైపు కింద కూర్చోబెట్టారు. "నమ్ముతున్నవా నాయనా?" అని పాస్టరు అయ్యగారు అడిగారు. బావ నోరు తెరిచాడు. ఫ్లోటు కిందికి చేరింది. బోరునీళ్లు దబదబా బావ నెత్తి మీద పడ్డాయి.

"అయ్యో, మోటరు బంద్ జేయుర్రి!" అని అక్క కేకపెట్టింది. నేను పరుగెత్తి, తడిగచ్చు మీద జారిపడి, పాకుతూ వెళ్లి మోటారు ఆపాను. బావ మొహం తుడుచుకున్నాడు. ఆయాసంతో ఒక్కో మాటా కూడగట్టుకుని, "అయ్యగారు ముంచేదాకనన్న ఆగకపోతివి గదరా బామ్మర్దీ! గంత జల్దీ ఏందిరా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. అయ్యగారూ నవ్వారు. ఏడుస్తున్న అక్క కూడా నవ్వింది. మంచం పట్టాక ఆయన నవ్వు మేమెవరమూ వినలేదు. తర్వాత ఆ నీళ్లలోనే మునిగి లేచాడు.

వానలు మొదలవకముందే బావ పోయాడు. చన్నీళ్ల వల్ల కాదని డాక్టరు చెప్పాడు, అక్క కూడా చెప్పింది. ఇన్నేళ్లయినా ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా, కొత్త చొక్కాలో మురిసిపోతున్న ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి, "ఒరేయ్, ముందు మెయిన్ బంద్ చెయ్‌రా" అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పను. వాడు ఆపేస్తే బావ నవ్వడు.