జనానా కారుకు అద్దం లేదు

మోటారుకేం జబ్బో చెవితోనే చెప్పగలనని నాకు పొగరు. పాలు అమ్మే మా ఇంట్లో స్టీరింగ్ పట్టింది నేనొక్కణ్ణే. యుద్ధం రోజుల్లో హుస్సేనీ ఆలంలో ఒక నవాబు దేవిడీలో, అంటే ఆయన పెద్ద బంగళాలో, ఆడవాళ్ళు తిరిగే పరదా కారుకు డ్రైవరుగా కుదిరాను. మొదటిరోజే అక్కడి ముసలి చౌకీదారు వెనక చూసే అద్దం ఊడదీశాడు.

“అద్దం లేకుంటే ఎన్క ఏమొస్తుందో ఎట్ల తెలుస్తది?” అన్నాను.

“ఎన్క కూసున్నోళ్ళు కనబడితె నీ నౌకరీ ఉంటదా తమ్మీ?”

నన్నడిగితే అద్దం లేని కారు కారే కాదు. గొణుక్కుంటూనే గల్లీలో బండిని వెనక్కి తీస్తుంటే పరదా లోపలినుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

“ఠైరో, పీఛే బండీ హై.”

ఆగాలట, వెనక బండి ఉందట. దిగి చూస్తే నిజంగానే ఎడ్లబండి. పెద్ద రోడ్డెక్కాక మళ్ళీ అదే గొంతు.

“గేర్ బదలో, ఇంజన్ రోరా.”

గేరు మార్చాలట, ఇంజను ఏడుస్తోందట. చెవి పెడితే నిజమే. గడప దాటని మనిషికి గేరు సంగతి ఎవరు నేర్పారు?

దేవిడీకి తిరిగొచ్చాక, వాళ్ళు దిగేదాకా రివాజు ప్రకారం గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఇరువైపులా పట్టిన దుప్పట్ల చాటున నలుగురి చెప్పుల చప్పుడు వినబడింది. ఆ నలుగురిలో ఆమె ఎవరో తెలియక, గోడకే సలాం పెట్టాను.