మా అత్తగారి పిండికుండ

అరకు చలికి మనుషులే బిగుసుకుపోతారు, పిండి పొంగుతుందా? కానీ మా అత్తగారి కుండలో పొంగేది. కిరాణా కొట్టు పెట్టుకోవడానికి మైదానం నుంచి వచ్చిన రోజుల్లో కొన్న మట్టికుండ అది. ఆవిడ దాన్ని ఏనాడూ పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. అడుగున గరిటెడు పాత పిండి ఉంచి, దానిమీదే కొత్త పిండి పోసేది. పొద్దున్నే పుల్లట్లు, అల్లం పచ్చడి. మా మావయ్యగారికి అవి తప్ప మరో టిఫిన్ తెలియదు.

కార్తీకంలో జ్వరంతో అత్తగారు పోయారు. పదకొండో రోజు శుద్ధి చేస్తూ, మైలపడ్డ మట్టిపాత్రలు పారేయాలన్నారు బంధువులు. ఎవరో ఎందుకని నేనే ఆ కుండను గెడ్డ వాగు దాకా మోసుకెళ్లి రాతిమీద పగలగొట్టాను. ఆవిడ చీరలన్నీ పనివాళ్లకీ, కొట్టుకి విస్తళ్ల అడ్డాకులు తెచ్చే కొండ ముసలమ్మకీ పంచేశాను. పెద్ద పని చేసినట్టు చేతులు దులుపుకున్నాను కూడా.

మర్నాటి నుంచి స్టీలు గిన్నెలో నా పిండి, సాయంత్రం ఎలా పెట్టానో పొద్దున అలాగే. అట్లు పెనానికి అంటుకుపోయేవి. మావయ్యగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని కంచం నెట్టేసేవారు. తరవాత అన్నం కూడా మానేశారు, కాఫీ ఒక్కటే. పది రోజులకి మనిషి మంచానికి అతుక్కుపోయారు. ఆ కుండతోపాటు ఈయన్నీ నేనే పగలగొట్టానా అని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఆ మర్నాడు పెరటి వసారాలోకి వెళ్తే గిన్నె మూత పక్కకి పడి ఉంది. పిండి పొంగి అంచులు దాటి కారుతోంది. వాసన అచ్చం అత్తగారి కుండదే. నేను అందులో తోడు ఏమీ వెయ్యలేదు.

మావయ్యగారి మంచం వసారా కిటికీ పక్కనే. "నిన్న సందేళ మీ అత్త వచ్చినాదమ్మా," అన్నారు తాపీగా. "పిండి సూసుకుని యెల్లిపోనాది."

ఆ రోజు ఆయన రెండట్లు తిన్నారు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. మా ఆయనకి చెబితే, "నీ చెయ్యి తిరిగిందిలే," అని నవ్వాడు. ఒళ్లు మండింది. రెండో రోజూ అంతే, పిండి పొంగింది, మావయ్యగారు తిన్నారు.

మూడో సాయంత్రం కొట్టు మా ఆయనకి వదిలేసి పెరట్లోకి వచ్చాను. మంచు దిగిపోయి నూతి గట్టు కూడా కనబడటం లేదు. వసారాలో గిన్నె మీదకి వంగి ఒక మనిషి. నెత్తిన కొంగు. మా అత్తగారి ఆకుపచ్చ చీర.

"అత్తయ్యగారూ, కుండ పగలగొట్టింది నేనేనండీ, తప్పైపోయింది," అనేశాను.

ఆ మనిషి తిరిగింది. అడ్డాకుల ముసలమ్మ! చేతిలో ఎండు ఆనపకాయ బుర్ర, దాని మూతికి తెల్లటి పిండి.

"అమ్మ బాబోయ్, నువ్వా! దొంగలా ఇదేం పనే?" గుప్పిట్లో ఉన్న ప్రాణం కోపమై బయటికొచ్చింది.

"పెద్ద సావుకారమ్మ సెప్పినాది," అంది మెల్లగా. "జొరంలో ఉన్నప్పుడే ఈ బుర్రలో పోసి ఇచ్చినాది. నాను పోతే కుండ పారేత్తారు, ముసిలాయన తిండి మానేత్తాడు, అప్పుడు తెచ్చి కలుపు అన్నాది. దినం గుప్పెడు సామల పిండి ఏసి బతికించినాను."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

ముసలమ్మ తల దించుకుంది. "సెప్పొద్దంది. మా సేతి పిండి అంటే నువ్వు పారబోత్తావంట."

నిజంగానే పారబోసేదాన్ని. ఇన్నేళ్లలో ఆమెకి ఒక్కసారైనా మా గ్లాసులో నీళ్లిచ్చిన పాపాన పోలేదు. పోతూ పోతూ కూడా అత్తగారు నా గుణం లెక్కలోకి తీసుకునే పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మా మాటలకి మెలకువ వచ్చిందేమో, కిటికీలోంచి మావయ్యగారి గొంతు వినిపించింది. "వచ్చినాదేటమ్మా?"

ముసలమ్మ నా మొహంలోకి చూసింది.

"వచ్చారండీ మావయ్యగారూ," అన్నాను.

తోడు పిండి ఇప్పుడు నా దగ్గరే ఉంది. అయినా రోజూ ఆ చీరే కట్టుకుని రమ్మని ముసలమ్మని బతిమాలాను. వచ్చి నా పక్కనే పీట మీద కూర్చుని, మా గ్లాసులోనే కాఫీ తాగి పోతుంది. కిటికీలోంచి ఆయనకి చీర తప్ప మొహం కనబడకూడదని, ఆ వేళకి నేను పెరటి లైటు వెయ్యను.