నా రక్తం చెప్పిన సాక్ష్యం

నా కడుపులో లేని పురుగును ఉందని రాసిచ్చారు. రాసిచ్చినవాడు పరాయివాడు కూడా కాదు, జమ్మలమడుగులో ల్యాబు పెట్టుకున్న మా అక్క కొడుకు.

ఆ రోజుల్లో నాకింకా అరవై దాటిన కుర్రతనం. కోపం వస్తే నేరుగా బస్సెక్కేసేవాణ్ణి. (ఇప్పుడు ముందు మోకాళ్లను అడగాలి.) అంతకుముందు ఎండాకాలంలో కడుపుమంటకని వెళితే, ప్రొద్దుటూరు డాక్టరమ్మ లోపల ఒక సూక్ష్మజీవి కాపురం పెట్టిందని తేల్చి, నోరంతా ఇనప రుచి వచ్చే మాత్రలు మింగించింది. మంట తగ్గింది. పురుగు నిజంగా పోయిందో లేదో చూసుకోవడానికి అంతదూరం ఎందుకు, ఇంటి మనిషి ఉన్నాడు కదా అని కొన్ని నెలలాగి మేనల్లుడి దగ్గర రక్తమిచ్చాను. ఉందని వచ్చింది.

నష్టం కడుపుకు కాదు, టీకి జరిగింది. పెళ్లయిన నాటి నుంచి సాయంత్రం టీ మా ఇద్దరికీ ఒకే గ్లాసు. సగం నేను తాగి ఇస్తే మిగతా సగం మా ఇంటావిడ తాగుతుంది. ఈ పురుగు ఎంగిలితో అంటుతుందని ఆమెకెవరో చెప్పారు. ఆ పూటే నాకు వేరే గ్లాసు వచ్చింది. "పురుగు పోనీ, మల్ల తాగుదాంలే" అని మెత్తగానే అంది కానీ, ఆ గ్లాసులో టీ నాకు గొంతు దిగలేదు.

బడి ఐదో తరగతితో ఆగినా, దొరికిన కాగితమల్లా చదవడం నా అలవాటు. అలా చదివే తెలుసుకున్నాను: రక్తంలో కనిపించేది పురుగు కాదట, దానితో మన ఒళ్లు చేసిన యుద్ధం తాలూకు గుర్తట. పురుగు చచ్చినా ఆ గుర్తు చాలాకాలం ఉంటుందట. వెంటనే ప్రొద్దుటూరు వెళ్లి డాక్టరమ్మ ముందు ఉపన్యాసమిచ్చాను. ఆమె ఓపిగ్గా విని, ఇప్పుడు ఉందో లేదో తెలియాలంటే ఊపిరి పరీక్షో మలపరీక్షో చేయాలంది. రెండోదాన్ని డబ్బాలో పెట్టుకుని బస్సులో జనం మధ్య కూర్చోవడం ఊహించుకుని, ఊపిరికే ఒప్పుకున్నాను. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నాను. ఏదో తాగించి, సంచిలోకి ఊదించారు. లేదని వచ్చింది.

ఆ సంతోషంలో, పరగడుపున వచ్చాను కదా, ఇక కారం దోశ తిందామని, దానికి ముందు వేసుకోవడానికి జేబులోంచి మాత్రల అట్ట తీసి మంచినీళ్లు అడిగాను. డాక్టరమ్మ ముఖం మారింది.

"అదేంది పెద్దాయనా?"

"గ్యాసు మాత్ర తల్లీ. రోజూ పొద్దున్నే ఏసుకుంటా."

"మందులేమీ లేవంటిరే?"

"ఇది మందేంది? మా వీధిలో అందరూ ఏసుకుంటారు."

ఆ మాత్ర వేసుకుంటే పురుగు చావదట, నక్కి కూర్చుంటుందట. ఉన్నా పరీక్షకు దొరకదట. నా విజయం చెల్లలేదు. రెండు వారాలు మాత్ర మానేసి మళ్లీ రమ్మంది. ఆ రెండు వారాలూ ఛాతీలో నిప్పులు పోసినట్టుండేది. తేన్పులకు పక్కింటివాళ్లు కూడా లేచేవారు. మజ్జిగ తాగుతూ, మేనల్లుణ్ణి తిట్టుకుంటూ గడిపాను. మళ్లీ ఊదాను. లేదు, ఈసారి నిజంగానే లేదు.

ఆ సాయంత్రం మా ఇంటావిడ ఒకే గ్లాసు తెచ్చి, తనే ముందు సగం తాగి నా చేతిలో పెట్టింది.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కాను. ల్యాబులో జనమంతా వినేలా, లేని పురుగును ఎట్లా పుట్టించావురా అని మేనల్లుణ్ణి నిలదీశాను. ఎంత అరిచానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడు చేతి తొడుగులు తీసి, నాకు కుర్చీ వేసి, నిదానంగా చెప్పాడు:

"మామా, ఆ పురుగును ఎప్పుడన్నా సూసినావా అని నీ రక్తాన్ని అడిగినా, సూసినా అనింది. ఇంకా ఉండాదా అని అడిగే పరీక్ష నా కాడ లేదు. అయినా అది నీ రక్తం కదా మామా, ఒగసారి కొట్లాడితే యాడ మరిసిపోతాది?"